బండి కింద అట్ట

ఆ ఇంట్లో పొద్దున లేవగానే ముగ్గురూ ముందు చూసేది బండి కింద పరిచిన అట్టని. బట్టలుతికే మెషిన్ వచ్చిన పెట్టెను విప్పదీసి పరిచిన పెద్ద అట్ట అది. దాని మీద నల్లటి మరక ఎంత పెద్దదైందో చూసి, ఒకరి మొహం ఒకరు చూసుకుని, ఎవరి పనికి వాళ్ళు వెళ్ళేవాళ్ళు.

బండి పాత పికప్. వెనక తొట్టిలో దుప్పట్ల మూటలు నిండుగా పడతాయి. ఇంటి వెనక రేకుల షెడ్డులో, ఆ ఇంటి అన్నదమ్ములిద్దరిలో తమ్ముడు లాండ్రీ నడుపుతాడు. ఆసుపత్రుల దుప్పట్లు, తువ్వాళ్ళు, ఆపరేషన్ థియేటర్ల ఆకుపచ్చ గుడ్డలు ఉతికి, ఇస్త్రీ చేసి పంపడం వాళ్ళ పని. తమ్ముడికి మెషిన్లంటే ఎంత ప్రాణమో రోడ్డంటే అంత భయం. అందుకని బండి అతని భార్య నడుపుతుంది. ఆమెకు బండి నేర్పింది అతని అన్న. "బండికి ఆడా మగా తెలీదు అమ్మాయ్. క్లచ్చి మీద కాలుందా లేదా, అంతవరకే దానికి కావాలి" అని మరదల్ని పక్కన కూర్చోబెట్టుకుని, ఎన్నిసార్లు ఆగిపోయినా విసుక్కోకుండా నేర్పాడు.

ఆయన్ని ఊరంతా చెవి మేస్త్రీ అంటారు. స్క్రూడ్రైవర్ ఒక కొస ఇంజిను మీద, రెండో కొస చెవిలో పెట్టుకుని కళ్ళు మూసుకుంటే లోపల ఏది అరిగిందో చెప్పేసేవాడు. మోకాళ్ళు వంగడం మానేశాక తన మెకానిక్ షెడ్డు మూసేసి, పానాలు మాత్రం ఒక ట్రంకు పెట్టెలో వేసుకుని తమ్ముడింటికి వచ్చి చేరాడు. పెళ్ళాం ఎప్పుడో పోయింది, పిల్లలు లేరు. వీధి వైపు గదిలో ఉంటూ, పొద్దస్తమానం వీధిలో పోయే బండ్ల చప్పుళ్ళు కిటికీ లోంచి వింటూ, "వీడి సైలెన్సర్ ఇవాళో రేపో" అని తనలో తను చెప్పుకునేవాడు.

అందుకే పికప్ ఇంజిను పైభాగాన కొంచెం ఆయిలు చెమ్మగా కనిపించినప్పుడు ఇంట్లో ఎవరికీ బెంగ కలగలేదు. మేస్త్రీకైతే పండగ రోజు. ట్రంకు పెట్టె తీయించి, పాత గుడ్డ పరిచి పానాలన్నీ వరసగా పేర్చుకున్నాడు. "పై మూత, టాపెట్ కవర్ ప్యాకింగు ఎండిపోయింది, అంతే. మధ్యాహ్నానికి అయిపోతుంది" అన్నాడు. మధ్యాహ్నానికి అయిపోయింది కూడా. పైన చెమ్మ పోయింది.

వారం తిరక్కుండా కింద కారడం మొదలైంది.

ఇంజిను అడుగున ఆయిలు నిలిచే ఛాంబర్ ప్యాకింగు అన్నాడు మేస్త్రీ. ఛాంబర్ దించి, గోకి, కడిగి, కొత్త ప్యాకింగు వేశాడు. నాలుగు రోజులు అట్ట పొడిగా ఉంది. తరవాత ముందు వైపు పుల్లీ దగ్గర కారింది. అక్కడ సీలు మార్చాడు. మళ్ళీ ఛాంబర్ అంచున వచ్చింది. ఒకసారైతే ఆయిలు మట్టం చూసే గేజి పుల్ల దానంతటదే పైకి తన్నుకొచ్చి బానెట్ లోపలంతా చిమ్మింది. మేస్త్రీ ఆ పుల్లని వెనక్కి నొక్కి, కదలకుండా సన్నటి తీగతో కట్టేశాడు.

"ఎందుకొచ్చింది బావగారూ అలా?" అని అడిగింది మరదలు.

"పాత బండి కదమ్మా. పాతవాటికి ఉన్నచోట ఉండబుద్ధి కాదు" అన్నాడాయన. ఆమె నవ్వింది. ఆయన కూడా నవ్వాడు కానీ, తీగ చివర మెలి తిప్పుతూ ఏదో గుర్తు తెచ్చుకోబోయి, రాక వదిలేసి బానెట్ దించాడు.

ఇంట్లో ఇలా ఉంటే బయట ఇంకోలా ఉంది. పెద్దాసుపత్రి వెనక సామాన్లు దింపే చోట లేత రంగు టైల్స్ వేశారు. బండి ఆపి మూటలు దింపి కదిలేసరికి టైల్స్ మీద నల్లటి చుక్కలు. మొదట్లో మరదలే గుడ్డ పెట్టి తుడిచి వచ్చేది. ఒకరోజు తుడవడం ఆలస్యమై, భోజనాల బండి తోసుకొస్తున్న ఆయా కాలు జారి కూలబడింది. దెబ్బ పెద్దది కాలేదు. కానీ స్టోర్ చూసే మేడమ్ గేటు దగ్గరికి వచ్చి నిలబడి, గొంతు పెంచకుండానే చెప్పింది.

"మీ పని మీద నాకు కంప్లయింటు లేదమ్మా. దుప్పట్లు మల్లెపువ్వుల్లా ఉంటాయి. మీ బండిని మాత్రం ఇక లోపలికి రానివ్వలేను."

ఆనాటి నుంచి మరదలు బండి గేటు బయట ఆపి, ఒక్కో మూటా భుజాన వేసుకుని లోపలికి మోసేది. వాచ్‌మన్ జాలిగా చూసి, "మెకానిక్కి చూపించకూడదా?" అనేవాడు. మా ఇంట్లోనే మెకానిక్ ఉన్నాడని చెప్పకుండా ఆమె ఇంకో మూట భుజానికెత్తుకునేది.

వేరే చోట చూపిద్దామా అని ఒకసారి భర్త దగ్గర కదిపింది. అతను ఇస్త్రీ పెట్టె ఎత్తి పక్కన పెట్టాడు.

"అన్నయ్య బతికుండగా ఈ బండి మీద ఇంకొకడు చెయ్యి వేస్తే ఆయన అన్నం ముడతాడా?"

"మరి నేను మూటలు మోస్తూనే ఉండాలా?"

అతను దుప్పటి ముడత సర్ది, మళ్ళీ ఇస్త్రీ పెట్టె అందుకున్నాడు.

చివరికి మేస్త్రీ, "ఇంజిను వెనక సీలు. అంతకుమించి ఇంకేం మిగల్లేదు" అన్నాడు. దానికి గేర్‌బాక్స్ దించాలి. ఆయన మోకాళ్ళతో అది అయ్యే పని కాదు. తమ్ముడు బండి కింద వెల్లకిలా పడుకుని, అన్న పైనుంచి చెప్పినట్టల్లా బోల్టులు విప్పాడు. లాండ్రీ రెండు రోజులు ఆగిపోయింది. మేస్త్రీ కూడా చివరికి చాప వేయించుకుని కిందికి దూరి, సీలు తన చేత్తోనే కూర్చాడు. బయటికి లాగేసరికి ఆయన మొహం తెల్లగా పాలిపోయింది. ఒళ్ళు నొప్పులతో మంచం దిగలేకపోయాడు.

మంచం దిగి అట్ట చూసుకున్న రోజున మరక మళ్ళీ పెరిగింది. కోప్పడలేదు, విసుక్కోలేదు. వీధి గుమ్మంలో కూర్చుని రెండు చేతులూ తిప్పి తిప్పి చూసుకున్నాడు.

"దీనికి నేను చేయనిదేముందిరా ఇంకా" అన్నాడు తమ్ముడితో.

మర్నాడు మళ్ళీ ఛాంబర్ దించి, దళసరిగా పేస్టు పూసి బిగించాడు.

ఆ తరవాతి రోజే బైపాస్ రోడ్డు మీద బానెట్ సందుల్లోంచి పొగ వచ్చింది. మరదలికి పై ప్రాణాలు పైనే పోయాయి. బండి పక్కకు తీసి ఆపింది. ఆపిన చోట ఎదురుగా ఒక మెకానిక్ షెడ్డు ఉంది. కావాలని ఆపింది కాదు. కానీ అక్కడ ఆగినందుకు, పొగ చూస్తూ కూడా, మనసులో ఎక్కడో తేలిక పడింది.

షెడ్డు మెకానిక్ బొద్దుగా ఉంటాడు. పళ్ళ మధ్య అగ్గిపుల్ల పెట్టుకుని మాట్లాడతాడు. బానెట్ ఎత్తి చూశాడు. గేజి పుల్లకి కట్టిన తీగ తెగిపోయి, ఆయిలు వేడి గొట్టం మీద చిమ్మి పొగ వస్తోంది. అతను పుల్లని చూశాడు, తీగని చూశాడు, ఆమెని చూశాడు.

"ఇది కట్టిందెవరండీ?"

"ఎవరో కట్టారు" అంది ఆమె.

"పుల్ల పైకి తన్నుకొస్తోందంటే లోపల గాలి ఆడట్లేదని అర్థం. కుక్కరు విజిల్ మూసుకుపోతే ఏమవుతుంది? మూత అంచుల్లోంచి తన్నుకొస్తుంది కదా. ఇదీ అంతే. మీరు ఎన్ని సీళ్ళు మార్చినా ఇంకో సందు వెతుక్కుంటుంది."

టాపెట్ కవర్ మీద నుంచి పోయే లావుపాటి రబ్బరు పైపు లాగాడు. అది గాలి బయటికి పోయే పైపు. దాని కింద ఉన్న గొట్టంలోకి వేలు పెట్టి, ఆగి, ముక్కు పటకారు అందుకున్నాడు. మెల్లిగా లాగితే నల్లగా, జిగురుగా, పొడుగ్గా ఒక గుడ్డ పేలిక వచ్చింది. నేల మీద పారేసి కాలితో విప్పాడు. మడతల లోపల ఆయిలు తగలని చోట ఆకుపచ్చ రంగు కనిపించింది.

ఆపరేషన్ థియేటర్ గుడ్డ. చిరిగినవాటిని పక్కన పెడితే, మేస్త్రీ పేలికలు చేసుకుని పానాలు తుడుచుకోవడానికి వాడతాడు.

"ప్యాకింగు మార్చేటప్పుడు దుమ్ము పడకుండా ఇందులో గుడ్డ కుక్కుతాం. మంచి అలవాటే. తీయడం మర్చిపోయాడు" అన్నాడు బైపాస్ మెకానిక్. ఇంజిను చుట్టూ టార్చి వేసి చూశాడు. "మిగతా పనంతా చాలా నీటుగా చేశాడండీ. ఎవడో పాతకాలం మనిషి. ఇక కారదు, పొండి."

ఆమె ఆ పేలికను అక్కడే చెత్త డబ్బాలో పడేసి వచ్చింది.

భర్తకి చెబుతున్నంతసేపూ అతను దుప్పటి మీద ఇస్త్రీ పెట్టె ఆపలేదు. మొత్తం విన్నాక స్విచ్ తీసేసి స్టూలు మీద కూర్చున్నాడు.

"మొదటి రోజు నుంచీ అదేనన్నమాట."

"అదే."

"చెప్పకు."

"నేను చెబుతానన్నానా?"

"ఆయనకి మిగిలింది ఆ చేతులొక్కటే. అదీ లాగేసుకుంటే ఇక కిటికీ దగ్గర ఏమని కూర్చుంటాడు" అన్నాడు తమ్ముడు. ఆమె తలూపింది. ఇద్దరికీ అది దయగానే తోచింది.

మర్నాడు అట్ట పొడిగా ఉంది. ఆ మర్నాడూ అంతే. మూడో నాడు మేస్త్రీ అట్టని బయటికి లాగి, తిరగేసి, ఎండలో పెట్టి చూశాడు. ఆయన మొహం చూసి మరదలు లోపలికి వెళ్ళిపోయింది. వీధిలో ఆయన గొంతు వినిపిస్తూనే ఉంది. ఎదురింటి వాళ్ళకి, కూరగాయల బండివాడికి, ఆగి విన్న ప్రతివాడికీ చెబుతున్నాడు. "ఛాంబర్ అంచున వెంట్రుకంత వంపు ఉంది. పేస్టు ఒక పట్టు ఎక్కువ పడాలి. అక్కడ మోసం చేసింది నన్ను."

ఆనాడు ఆయన మారు అన్నం అడిగాడు. బండి ఆసుపత్రి గేటు లోపలికి వెళ్ళింది. స్టోర్ మేడమ్ వంగి టైల్స్ చూసి, "మొత్తానికి సాధించారు" అంది. మరదలు నవ్వింది. ఆ వారం వాళ్ళింట్లో అందరూ తేలిగ్గా నవ్వుకున్నారు.

తరవాత ఒక సాయంత్రం బండి తీసుకొచ్చేసరికి ఇంటి ముందు పసుపురంగు స్కూలు వ్యాను ఆగి ఉంది. వీధి చివర ఉండే ఆయనది. రోజూ పిల్లల్ని బడికి దింపుతాడు. మేస్త్రీ ఆఖరి చక్రానికి నట్లు బిగిస్తున్నాడు. పక్కన అరిగిపోయిన బ్రేకు పట్టీలు కుప్పగా పడి ఉన్నాయి.

"నాలుగూ మార్చేశాను అమ్మాయ్. మీ బండి కుదిరిందని వీధంతా తెలిసిపోయింది కదా, నన్ను వదల్లేదు" అన్నాడు. మోకాళ్ళ నొప్పి ఆయన మాటలో ఎక్కడా లేదు.

మరదలు బండిని అలాగే వదిలేసి షెడ్డులోకి వెళ్ళి భర్త చెయ్యి పట్టుకుని గుమ్మం దాకా లాక్కొచ్చి చూపించింది. అతను చూసి, చేతులు తుడుచుకుని బయటికి వెళ్ళాడు.

"అన్నయ్యా, అన్నీ ఒకసారి మళ్ళీ చూసుకున్నావా?"

"తిరగేసి చూడ్డానికి అదేమన్నా చొక్కానా? బ్రేకు నొక్కితే పట్టింది. వీధి చివరిదాకా నడిపి చూశాడు కూడా."

"కాదు, ఏదైనా... లోపల ఏదైనా ఉండిపోతే."

"ఏముండిపోతుందిరా?"

తమ్ముడు నోరు తెరిచాడు. అన్న మొహంలో ఎన్నాళ్ళకో వచ్చిన వెలుగు చూశాడు. "ఏం లేదు" అని వెనక్కి వచ్చేశాడు. వ్యాను ఆయన వచ్చి తాళం తీసుకుని వెళ్ళిపోయాడు.

భోజనాల దగ్గర ఇద్దరూ సగంలోనే లేచారు. మేస్త్రీ మాత్రం తన షెడ్డు రోజుల కబుర్లు చెబుతూ తిన్నాడు.

తెల్లవారుతూండగానే మరదలు వీధి చివరికి వెళ్ళింది. వ్యాను ఆయన అద్దాలు తుడుచుకుంటున్నాడు. దారిపొడుగునా అనుకుంటూ వచ్చిన మాటలన్నీ అక్కడికి చేరేసరికి పోయాయి.

"అన్నా, ఇవాళ ఒక్కరోజు పిల్లల్ని ఎక్కించుకోకు. బ్రేకులు ఇంకొకరికి చూపించు."

"ఎందుకమ్మా? నిన్ననే కదా మీ బావగారు చేసింది."

"ఆయన చేశారనే చెబుతున్నాను."

ఆయన గుడ్డ కింద పడేశాడు. "సొంతింటి వాళ్ళకే నమ్మకం లేకపోతే ముందే చెప్పాలి కదా. ఇప్పుడు ఆ పిల్లల తల్లిదండ్రులకు నేనేం చెప్పుకోను?" అంటూ ఆమె ఆపుతున్నా వినకుండా విసవిసా నడిచి వచ్చి మేస్త్రీ గది ముందు నిలబడ్డాడు. మేస్త్రీ మొహం కడుక్కుంటున్నాడు.

"మేస్త్రీగారూ, మీ పని మీద నమ్మకం లేదంటోంది మీ మరదలు. నన్నేం చేయమంటారు?"

మేస్త్రీ తువ్వాలు మెడలో వేసుకుని ఆమె వంక చూశాడు. తమ్ముడు షెడ్డులోంచి పరిగెత్తుకొచ్చాడు. ఎదురింటి వాళ్ళు గుమ్మంలోకి వచ్చారు.

"ఏమైంది అమ్మాయ్?" అన్నాడాయన. కోపం లేదు. నిజంగానే తెలుసుకోవాలని అడిగాడు.

ఇక దాచడానికి దారి లేదు. ఆమె చెప్పింది. పొగ, బైపాస్ షెడ్డు, పైపు, గుడ్డ పేలిక, అన్నీ చెప్పింది. చెబుతుంటే కళ్ళు నిండాయి కానీ ఆపలేదు. ఆపితే మళ్ళీ మొదలుపెట్టలేనని ఆమెకు తెలుసు.

"నేను తీశాను ఆ గుడ్డ" అన్నాడు మేస్త్రీ.

వ్యాను ఆయన తమ్ముడి వైపు తిరిగాడు.

"తీసే ఉంటాను. తీయకుండా పైపు ఎలా తొడుగుతాను?" అంటూ తమ్ముడి వంక చూశాడు. తమ్ముడు నేల చూస్తున్నాడు. మేస్త్రీ గుమ్మం పట్టుకుని మెల్లిగా కూర్చున్నాడు. "వ్యాను కదపకండి. ఆ బైపాస్ అతన్ని ఇక్కడికే పిలిపించండి" అన్నాడు.

పిల్లలు ఆటోల్లో బడికి వెళ్ళారు. వాళ్ళ తల్లిదండ్రులు ఫోన్లు చేసి వ్యాను ఆయన్ని తిట్టారు. ఆయన ఆ తిట్లన్నీ తెచ్చి తమ్ముడి ముందు పోశాడు. తమ్ముడు అన్నీ పడ్డాడు.

బైపాస్ మెకానిక్ వచ్చి నాలుగు చక్రాలూ విప్పాడు. మేస్త్రీ కుర్చీ వేయించుకుని ఎదురుగా కూర్చున్నాడు, ఒళ్ళో చేతులు పెట్టుకుని, డాక్టరు ఏం చెబుతాడో అని ఎదురుచూసే రోగిలాగా. అతను ప్రతి పట్టీ, ప్రతి స్ప్రింగూ వేలితో తడిమి చూశాడు. బ్రేకు ఆయిలు పైపులు నొక్కి చూశాడు. చూస్తున్నకొద్దీ పళ్ళ మధ్య అగ్గిపుల్ల కదలడం ఆగిపోయింది.

"ఎక్కడా తప్పు లేదండీ. నేనైతే ఇంత ఓపిగ్గా చేయను. అక్షరాలా సరిగ్గా ఉంది" అన్నాడు.

మరదలి గుండెల మీంచి బండరాయి దిగింది. "విన్నారా బావగారూ, అంతా బాగుందట" అంది ఆయన దగ్గరికి వెళ్ళి.

మేస్త్రీ ఆమె మొహంలోకి చూశాడు. తరవాత బైపాస్ మెకానిక్‌ని చూశాడు. మళ్ళీ ఆమెను చూశాడు.

"ఇలా చెప్పమని ముందే చెప్పి ఉంచావా అతనికి?"

"లేదు బావగారూ. ఒట్టు. నిజంగానే బాగుంది."

"ఛాంబర్ కూడా కుదిరిందనే అనుకోనిచ్చారమ్మా నన్ను" అన్నాడాయన. నిష్ఠూరంగా అనలేదు. ఉన్న మాట అన్నట్టు అన్నాడు. "అట్ట పొడిగా ఉందని వీధంతా తిరిగి చెప్పుకున్నాను. మీరిద్దరూ వింటూనే ఉన్నారు."

"నీ మనసు కష్టపెట్టలేకన్నయ్యా" అన్నాడు తమ్ముడు.

"తెలుసురా. ఇప్పుడూ అందుకే కదా."

బైపాస్ మెకానిక్ ఒక బ్రేకు పట్టీ విప్పి తెచ్చి, కావాలంటే మీరే చూసుకోండని ఆయన ముందు పెట్టాడు. మేస్త్రీ వంగి చూడలేదు. చూసి బాగుందనుకున్నా, తను చూసింది తనే నమ్మలేడని ఆయనకి అప్పటికే అర్థమైంది. లేచి, గోడ పట్టుకుంటూ గదిలోకి వెళ్ళిపోయాడు.

ట్రంకు పెట్టె మళ్ళీ తెరవలేదు. వ్యాను అవే బ్రేకులతో రోజూ పిల్లల్ని బడికి తీసుకెళుతోంది. ఏ ఇబ్బందీ రాలేదు. ఆ సంగతి తమ్ముడు ఒకటికి రెండుసార్లు చెప్పాడు. మేస్త్రీ "సంతోషంరా" అని ఊరుకున్నాడు.

కొన్నాళ్ళకి తనంతట తనే షెడ్డులోకి వచ్చి, ఊరికే కూర్చోలేకపోతున్నాను, ఏదైనా పని ఇవ్వమని అడిగాడు. మరదలు తువ్వాళ్ళు మడత పెట్టమంది. ఆయన అంచుకి అంచు కలిపి, ముడత లేకుండా అరచేత్తో సాఫు చేసి, ఒక దొంతి పేర్చాడు.

"సరిగ్గా ఉన్నాయా అమ్మాయ్?"

ఆమె దగ్గరికి వచ్చి చూసింది. నిజంగానే చాలా సరిగ్గా ఉన్నాయి. "బాగున్నాయి బావగారూ" అంది.

ఆయన తలూపాడు. దొంతిని రెండు చేతులతో ఎత్తుకుని, మెషిన్ దగ్గరున్న తమ్ముడి వైపు నడిచాడు. "నువ్వొకసారి చూడరా" అన్నాడు.